ఊకెనే రాసిన అంకెలు

నాకు ఆరో నెలలో షుగర్ వచ్చింది. దిగులు అంతకు రెండు నెలల ముందే వచ్చింది. మొదటిదానికి పరీక్ష ఉంది, కాగితం ఉంది, పేరు ఉంది. రెండోదానికి ఏమీ లేదు కాబట్టి అది వచ్చినట్టు ఎవరికీ తెలియలేదు. నాకు కూడా సరిగ్గా తెలియలేదు. ఒళ్లు బరువనుకున్నాను, రక్తం తక్కువనుకున్నాను, చివరికి నా బద్ధకమే అనుకున్నాను.

నారాయణఖేడ్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఐదో నెల పడగానే మెట్లు ఎక్కలేకపోతున్నానని చెప్పి మానేశాను. అసలు కారణం మెట్లు కాదు. ఒకరోజు ఏడో తరగతిలో బోర్డు మీద భిన్నాల లెక్క సగం చేశాను. మిగతా సగం ఎందుకు చేయాలో అర్థం కాలేదు. చాక్‌పీసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. పిల్లలు మొదట నేను వాళ్లను పరీక్షిస్తున్నానేమో అనుకుని నిశ్శబ్దంగా కూర్చున్నారు. తర్వాత ఒకరిద్దరు నవ్వారు. బెల్లు కొట్టేదాకా నేను కదల్లేదు. ఇంటికొచ్చాక ఈ సంగతి చెప్పే కన్నా మెట్లని చెప్పడం సులువనిపించింది.

ఇంట్లో ఉండేది నేను, మా అత్త. మా ఆయన పటాన్‌చెరులో ఒక కంపెనీలో పనిచేసేవాడు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారుతూనే బస్సెక్కేవాడు. మా అత్త సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఎనిమిదింటికి వెళితే మూడింటికి వస్తుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా అని చుట్టాలు అడిగేవాళ్లు. మాది కంగ్టి వైపు పల్లె. ఆ ఏడు వాన లేక కంది ఎండిపోయి, అమ్మానాన్న చెరుకు నరకడానికి కర్ణాటక వెళ్లారు. తోటలో సిగ్నల్ దొరికినప్పుడు అమ్మ ఫోన్ చేసి, ఈ సమయంలో నీ దగ్గర లేకపోతినని ఏడ్చేది. లైను తెగిపోయేది. మళ్లీ చేసి మళ్లీ ఏడ్చేది. ఆమెను ఓదార్చడం నా పని అయింది. బాగున్నానమ్మా, బాగున్నానమ్మా అని పదే పదే చెప్పేదాన్ని.

ఎనిమిది నుంచి మూడు దాకా ఇల్లంతా నాదే. ఆ ఏడు గంటలు ఎట్లా గడిచేవో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. పొయ్యి మీద టీ పెట్టి, అది పొంగి మంట ఆరిపోతుంటే చూస్తూ నిలబడేదాన్ని. స్నానానికని బకెట్లో నీళ్లు పట్టి, ఆ నీళ్లు చల్లారిపోయేదాకా పక్కన పీట మీద కూర్చునేదాన్ని. దుఃఖం అంటారు గానీ అది దుఃఖం కూడా కాదు. దుఃఖమైతే ఏడవొచ్చు. ఇది దేనికీ చెయ్యి లేవకపోవడం. కడుపులో బిడ్డ కదిలినప్పుడు తల్లికి ఒళ్లు పులకరిస్తుందని అందరూ చెప్పగా విన్నాను. నాకు మాత్రం ఎవరో తలుపు కొడుతున్నట్టు, నేను లేచి తీయనట్టు ఉండేది. నేనేం తల్లినని నన్ను నేను తిట్టుకునేదాన్ని. రోజులో నేను ఓపికగా చేసిన పని ఏదైనా ఉందంటే అదొక్కటే.

అత్తతో చెప్పలేదా అంటే, ఒకసారి చెప్పాను. మావి తాత ముత్తాతల కాలం నుంచీ క్రైస్తవ కుటుంబాలు. మా అత్త చర్చిలో ముందు వరస చాప మీద కూర్చునే మనిషి. మనసు మంచిగ లేదత్తమ్మా అంటే వెంటనే చేతిలో పని వదిలేసి, నా తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన చేసింది. అల్లం వేసి టీ పెట్టిచ్చింది. ఆ సాయంత్రం నాకు కాస్త బాగానే ఉంది, అబద్ధం చెప్పను. తెల్లారి ఆమె పనికి పోతూ, పోయిందా బిడ్డా అని అడిగింది. అంత ఆశగా అడిగిన మనిషికి పోలేదని ఎట్లా చెప్పాలి. పోయిందన్నాను. నా అబద్ధాలు అక్కడ మొదలయ్యాయి.

తర్వాత షుగర్. గ్లూకోజు నీళ్లు తాగించి, రెండు గంటలు బల్ల మీద కూర్చోబెట్టి, రక్తం తీశారు. నేను చూపించుకునే డాక్టరమ్మ కాగితం చూసి, కడుపుతో ఉన్నప్పుడు కొందరికి వస్తుంది, కాన్పయ్యాక చాలామందికి తగ్గిపోతుంది, కానీ ఈ మూడు నెలలు జాగ్రత్తగా లేకపోతే బిడ్డకు ముప్పు అని చెప్పింది. తిండి మార్చమంది. రోజుకు నాలుగుసార్లు వేలికి సూది గుచ్చుకుని మిషన్‌లో చూసి, వచ్చిన అంకె పుస్తకంలో రాయమంది. పరగడుపున ఒకసారి, మూడు పూటలా తిన్న రెండు గంటలకు ఒక్కోసారి. రెండు వారాల్లో దారికి రాకపోతే ఇన్సులిన్ సూదులు మొదలుపెడతానంది.

ఇగ చూడాలి మా వాళ్ల హడావుడి. రెండు నెలల నుంచి నేను ఎండిపోతుంటే ఎవరి కంటా పడని మనిషిని, షుగర్ అనేసరికి చుట్టూ పదిమంది. ఏం తిన్నవ్, ఎంత తిన్నవ్, ఎందుకు తిన్నవ్. పక్కింటామె గోడ మీదుగా మెంతులు అందించింది. ఎవరో కాకరకాయ రసమన్నారు. మా ఆయన ఓవర్‌టైం చేసి మిషనూ రక్తం చుక్క పెట్టే దాని పట్టీలూ కొనుక్కొచ్చాడు. మా అత్త అన్నం బంద్ చేసి, పనికి వెళ్లే ముందే నాకోసం జొన్నరొట్టెలు కొట్టి గుడ్డలో చుట్టి పెట్టేది. ఎట్లున్నవ్ అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగినా, ఆ మాటకు అర్థం ఎంతొచ్చింది అనే.

అంకెల సంగతిలో మా అత్త గురించి ఒక మాట చెప్పాలి. ఆమెకు చదువు రాదు. అక్షరాలు కూడబలుక్కోవడం కూడా కష్టమే. అంకెలు మాత్రం వచ్చు. చర్చిలో పాస్టరయ్యగారు పాట నంబరు చెప్పగానే పుస్తకంలో ఆ పేజీ తీయాలి కదా, అట్లా చిన్నప్పటి నుంచి మూడంకెల దాకా నేర్చుకుంది. రోజూ పని నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, నా పుస్తకం ముందేసుకుని, ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివేది. నూట ముప్పై అంటే వేలు అక్కడే ఆగిపోయేది. రెండు వందల పది అంటే తల పైకెత్తి నా వైపు చూసేది. తిట్టేది కాదు. తిట్టినా బాగుండేది.

మొదటి వారం నిజంగానే గుచ్చుకున్నాను, నిజంగానే రాశాను. ఒక్క అంకె సరిగ్గా వస్తే ఒట్టు. ఎందుకు రాలేదో నాకు తెలుసు. అత్త చేసిన రొట్టె నోట్లో పెట్టుకుంటే మింగబుద్ధి కాక, సగం పక్కన పెట్టేదాన్ని. రెండు మూడు గంటలు అట్లా కూర్చున్నాక లేచి, డబ్బాలోంచి బెల్లం గడ్డలు తీసి నిలబడే తినేదాన్ని. రుచి కోసం కాదు. నోరు ఆడుతుంటే కాసేపు బుర్ర ఆగేది. నడవమన్నారు, వాకిలి దాటేదాన్ని కాదు. రాత్రుళ్లు కన్ను మూతపడేది కాదు. సాయంత్రం మా ఆయన ఫోన్ చేసి, ఎంతొచ్చింది అనేవాడు. చెప్పేదాన్ని. టెన్షన్ తీసుకోకు అని పెట్టేసేవాడు.

రెండో వారంలో ఒక పొద్దున, పరగడుపున గుచ్చుకోవాల్సిన సమయానికి, నా చెయ్యి లేవలేదు. సూది పక్కనే ఉంది. మిషన్ పక్కనే ఉంది. అర నిమిషం పని. అంత చిన్న పని చేయలేకపోవడం ఎట్లా ఉంటుందో పడనివాళ్లకు చెప్పినా తెలియదు. అట్లాగే గోడకు ఆనుకుని కూర్చున్నాను. మూడు కావస్తోంది, అత్త వస్తుంది, పుస్తకం అడుగుతుంది. పెన్ను తీసి తొంభై రెండు అని రాశాను. సూది కంటే పెన్ను తేలిక.

ఆ సాయంత్రం అత్త వేలు తొంభై రెండు మీద ఆగింది. మళ్లీ చదివింది. ఆమె ముఖంలో వచ్చిన సంతోషం చూసి, నాకు ఎన్నాళ్లకో ఒక మంచి పని చేసినట్టు అనిపించింది. ఆ తర్వాత మిషన్ ముట్టుకోలేదు. లెక్కల టీచర్‌ను కదా, దొంగ లెక్క ఎట్లా రాయాలో నాకు తెలుసు. అన్నీ ఒకేలా రాస్తే దొరికిపోతాం. తొంభై రెండు పక్కన ఎనభై ఎనిమిది, మధ్యాహ్నం నూట పదహారు, ఆదివారం చర్చిలో భోజనాలున్న రోజున కావాలని నూట ముప్పై ఒకటి. పట్టీలు తగ్గాలి కాబట్టి రోజుకు నాలుగు తీసి, కాగితంలో చుట్టి చెత్తలో పడేసేదాన్ని. మా ఆయన ఓవర్‌టైం చేసి కొన్నవి అవి. అయినా పడేసేదాన్ని.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లిన రోజు పొద్దున్నుంచీ నా నోట్లోకి ముద్ద పోలేదు. అందుకే అక్కడ చూసినప్పుడు కూడా అంకె మరీ ఎక్కువ రాలేదు. పుస్తకం తిరగేసి ఆమె మెచ్చుకుంది. ఇన్సులిన్ అవసరం లేదు, ఇట్లాగే ఉండమంది. బయట బల్ల మీద కూర్చున్న మా అత్త ఆ మాట వినగానే కొంగు నెత్తిన కప్పుకుని కళ్లు మూసుకుంది. సూది దాకా రాకూడదని ఆమె రెండు వారాలుగా పొద్దుటి తిండి మాని ప్రార్థన చేస్తోందని నాకు అప్పుడే తెలిసింది.

మా చర్చిలో పాటలయ్యాక, అయ్యగారి వాక్య ప్రసంగానికి ముందు, సాక్ష్యాలు చెప్పుకునే సమయం ఉంటుంది. దేవుడు మేలు చేశాడనుకున్నవాళ్లు లేచి, మైకు పట్టుకుని నలుగురి ముందూ చెప్పుకుంటారు. తప్పిపోయిన గొడ్డు దొరికిందని చెబుతారు, జ్వరం తగ్గిందని చెబుతారు. ఆ ఆదివారం మా అత్త లేచింది. ఎప్పుడూ పాడటమే గానీ మైకు పట్టుకున్న మనిషి కాదు.

"నా కోడలుకు సూది దాక రాకుండ దేవుడు ఆపిండు," అంది. "రోజుకు నాలుగుసార్లు సూసుకుంటది. అన్నీ మంచిగనే వస్తున్నయి. నేను రోజు కండ్లార సూస్తున్న."

అందరూ స్తోత్రమన్నారు. వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. నేను ఆడవాళ్ల వైపు గోడ దగ్గర ఏడో నెల కడుపుతో కూర్చుని ఉన్నాను. నవ్వాలి కాబట్టి నవ్వాను.

అంతవరకూ నాది నా అబద్ధం. ఆ రోజు నుంచి అది ఆమె సాక్ష్యమైంది. దేవుడి ఎదుట, సంఘం ఎదుట, మైకులో చెప్పిన మాట. ఇప్పుడు నేను నిజం చెబితే బద్దలయ్యేది నా ఒక్కదాని పరువు కాదు. ముందు వరస చాప మీద ఇరవై ఏళ్లుగా తలెత్తుకుని కూర్చున్న మనిషిని లేపి అబద్ధాలకోరు అన్నట్టే. చెప్పకపోతే లోపల బిడ్డకు ముప్పు. ఈ రెండింటి మధ్యా నేను నెల రోజులు కూర్చున్నాను. కూర్చోవడం తప్ప ఇంకేం చేశానని.

కల్హేర్ నుంచి ఒక పెద్దామె ఆటోలో వెతుక్కుంటూ వచ్చింది. ఆమెకు పదేళ్లుగా షుగరట. సాక్ష్యం సంగతి ఎవరో చెప్పారట. ఏ ప్రార్థన చేశావు బిడ్డా, ఎన్ని దినాలు చేశావు, నేను కూడా మాత్రలు ఆపి చేస్తానంది. మాత్రలు మాత్రం ఆపొద్దు పెద్దమ్మా, డాక్టరు చెప్పింది వినండి, రోజూ నడవండి అని ఆమె చేతులు పట్టుకుని బతిమాలాను. గోరంత గర్వం లేదు ఈ పిల్లకు అని మెచ్చుకుంటూ వెళ్లింది. ఆమె వెళ్లాక, అత్త వచ్చేలోపు చెప్పేయాలని గట్టిగా అనుకున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో రెండు మూడు రకాలుగా అనుకుని పెట్టుకున్నాను. అత్త వచ్చింది, కాళ్లు కడుక్కుంది, పుస్తకం తీసుకుని చదివింది, తనలో తనే పాట పాడుకుంటూ కూరగాయలు తరగడానికి కూర్చుంది. నేను లోపలికి వెళ్లి పడుకున్నాను.

ఎనిమిదో నెల ఆఖరులో అత్త మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టింది. అయ్యగారూ అమ్మగారూ వచ్చారు, సంఘం ఆడవాళ్లు వచ్చారు. పాటలు, ప్రార్థన, భోజనాలు. మా అత్త వంద మందికి వండే చేతులతో సేమియా పాయసం చేసింది. అందరికీ పెట్టాక, రెండు నెలలు నోరు కట్టుకున్నవ్, ఇగ తిను బిడ్డా అని నాకు గిన్నె నిండా పోసి ఇచ్చింది. చుట్టూ అందరూ చూస్తున్నారు. తిన్నాను. ఇంకోసారి పోసింది. అదీ తిన్నాను. విషం తింటున్నట్టు తెలిసి తిన్నాను, అయితే అయిందిలే అనుకుంటూ తిన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

తొమ్మిదో నెలలో దాహం మొదలైంది. బిందె పక్కనే కూర్చునేదాన్ని. అడుగు తీసి అడుగు వేయలేనంత పెద్ద కడుపు. బిడ్డ మంచిగ పెరిగిందని చూసినవాళ్లు అన్నారు. డాక్టరమ్మ రమ్మన్న తేదీకి నడుం నొప్పని చెప్పి వెళ్లలేదు. ఒక మంగళవారం పొద్దున, చాలాసేపటిగా బిడ్డ కదల్లేదని గమనించాను. ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. లేదు. చల్లటి నీళ్లు తాగాను. లేదు. మధ్యాహ్నమైంది. మామూలు తల్లి అయితే చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తేది. నేను పైకప్పు చూస్తూ పడుకుని, కదలకపోతే కదలకపోనీ, ఇద్దరం కలిసే పోతాం, అందరికీ పరేషాన్ తప్పుతుంది అనుకున్నాను. భయం కూడా వేయలేదు. ఆ పూట నా గురించి నాకు తెలిసినంత ఘోరమైన సంగతి ఇంకేదీ నాకు తెలియదు. అత్త వచ్చి, కదులుతుందా అని అడిగితే, ఆఁ అన్నాను.

రోజూ పనికి వెళ్లేముందు నా కడుపు మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసుకోవడం ఆమెకు అలవాటు. బుధవారం పొద్దున కూడా చేసింది. అయ్యాక చెయ్యి తీయలేదు. కాస్త నొక్కి చూసింది. ఇటు పక్క, అటు పక్క. గుమ్మం బయట తోటి వంటామె పిలుస్తోంది, ఈమె పలకలేదు. కడుపు మీద కాకుండా నా ముఖంలోకి చూసింది.

"ఎప్పటి సంది లేదు?" అంది.

"నిన్న పొద్దుగాల్నుంచి," అన్నాను.

ఆమె పరుగున వెళ్లి వీధి చివర ఆటో పిలుచుకొచ్చింది. ఊళ్లో చూసి, ఇక్కడ కాదు, జల్దీ పెద్ద దవాఖానకు తీసుకుపోండి అన్నారు. అంబులెన్స్‌లో రెండు గంటల దారి. ఆ రెండు గంటలూ నా చెయ్యి పట్టుకునే ఉంది. పైకి ప్రార్థన చేయలేదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. నేను కిటికీ వైపు తిరిగి పడుకున్నాను.

పెద్ద దవాఖానలో ఒక చిన్న వయసు డాక్టర్ కడుపు మీద మిషన్ పెట్టి అటూ ఇటూ జరిపింది. కాసేపటికి గుండె చప్పుడు దొరికింది. బలహీనంగా ఉంది, కానీ ఉంది. అత్త గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. నర్సు నా వేలికి గుచ్చి చూసి, అంకె డాక్టర్‌కు చూపించింది. మూడు వందలు దాటింది. షుగర్ ఉందా, ఇన్సులిన్ తీసుకుంటున్నారా అని డాక్టర్ అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్త లేచి, సంచిలోంచి నా పుస్తకం తీసింది. షుగర్ పోయింది డాక్టరమ్మా, అన్నీ రాసి పెట్టినం, సూడుర్రి అని రెండు చేతులా ఇచ్చింది. ఇంట్లోంచి వచ్చేటప్పుడు, అవసరం పడొచ్చని గ్లూకోమీటర్ కూడా సంచిలో వేసుకుంది. ఆమె పని ఎప్పుడూ అంత పద్ధతిగా ఉంటుంది. డాక్టర్ పుస్తకం చూసి, ఆ మిషన్ ఇటివ్వమంది. పక్కనున్న బటన్ నొక్కుతూ పోయింది. పాత పరీక్షలన్నీ తేదీలతో సహా అందులో ఉండిపోతాయని నాకు తెలియదు. దొంగ లెక్క రాయడం వచ్చుననుకున్న లెక్కల టీచర్‌కు ఆ ఒక్క ముక్క తెలియలేదు.

రెండు నెలలుగా ఈ మిషన్ వాడనే లేదు కదమ్మా అంది డాక్టర్. కోపంగా కూడా అనలేదు.

అత్త పుస్తకం వెనక్కి తీసుకుంది. పేజీ తిప్పి ఒక అంకె మీద వేలు పెట్టింది, దాని కింది అంకె మీద పెట్టింది.

"మరి ఇవి ఎవలవి?" అంది నాతో.

"నేనే రాసిన అత్తమ్మా. ఊకెనే రాసిన."

ఎందుకు రాశావని డాక్టర్ అడిగింది. ఇన్ని నెలలుగా దాచుకున్న మాట అంత మామూలుగా బయటికొస్తుందని అనుకోలేదు.

"లేవబుద్ధి అయితలేదు. సూది గుచ్చుకోను చెయ్యి లేస్తలేదు. బతకబుద్ధే అయితలేదు."

డాక్టర్ నా మంచం పక్కకు వచ్చి నిలబడింది. అత్త పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. నా వైపు చూడకుండా తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. ఇగ ఈమె నాకు లేదు అనుకున్నాను. బిడ్డ గుండె చప్పుడు గదిలో వినిపిస్తూనే ఉంది, నాకు మాత్రం ఆ తలుపు మూసుకున్న చప్పుడే వినిపించింది.

ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. నాలుగు కిలోలకు పైనే ఉంది. చూస్తే బొద్దుగా, ఆరోగ్యంగా ఉన్నట్టే ఉంది. కానీ కడుపులో ఉన్నన్నాళ్లూ నా రక్తంలోని చక్కెరకు అలవాటు పడి, బయటపడగానే దాని ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోయిందట. ఊపిరి కూడా సరిగ్గా అందడం లేదని పిల్లల గదిలో పెట్టారు. మర్నాడు నన్ను చక్రాల కుర్చీలో తీసుకెళ్లి అద్దంలోంచి చూపించారు. నర్సు దాని మడమకు సూది గుచ్చి చుక్క రక్తం తీస్తోంది. రోజుకు చాలాసార్లు చూడాలట. మడమంతా చిన్న చిన్న చుక్కలు. నేను నా వేలికి గుచ్చుకోలేకపోయిన సూదులు లెక్క తప్పకుండా దానికి పడుతున్నాయి. నా కూతుర్ని నేను మొదటిసారి చూడటం అట్లా జరిగింది. మా ఆయన నా కుర్చీ వెనక నిలబడి ఏడుస్తున్నాడు. నాకు కళ్లలో నీళ్లు కూడా రాలేదు.

ఆ డాక్టర్ రెండు రోజులు వచ్చి నాతో మాట్లాడింది. మనసు చూసే ఇంకో డాక్టర్‌ను కూడా పిలిపించింది. నా దిగులు వల్లే షుగర్ వచ్చిందని తను అనడం లేదని ముందే చెప్పింది. కానీ ఈ రెండూ కలిసి రావడం చూస్తుంటామంది. మనసు కుంగితే తిండీ నిద్రా చెదిరిపోతాయి, దాంతో షుగర్ పెరుగుతుంది. షుగర్ అన్నాక భయం, తప్పు చేశానన్న బాధ, అందరూ అడగడం, దాంతో మనసు ఇంకా కుంగుతుంది. ఒకటి ఉందని తెలిసినప్పుడు రెండోదాని గురించి కూడా అడగాలి, నిన్ను అడగాల్సిన వాళ్లం అడగలేదు అంది. మనసు చూసే డాక్టర్ పాలిచ్చే తల్లులు వేసుకోవచ్చని మాత్రలు రాసిచ్చింది. రోగమే, బద్ధకం కాదు అని రెండుసార్లు చెప్పింది. విన్నాను. నమ్మానని చెప్పలేను.

ఈ మూడు రోజులూ అత్త అక్కడే ఉంది. నన్ను లేపి కూర్చోబెట్టేది, తల దువ్వేది, జావ తాగించేది, పిల్లల గది ముందుకు వెళ్లి గంటలు గంటలు నిలబడేది. మాట మాత్రం లేదు. పుస్తకం ఊసు లేదు, బతకబుద్ధి అయితలేదన్న ఊసూ లేదు. తిట్టు అత్తమ్మా అని అడగాలనిపించేది. అడిగే ధైర్యం లేకపోయేది.

ఆదివారం వచ్చింది. నేను కోడలిగా వచ్చాక ఆమె చర్చికి పోని ఆదివారం అదే. పదకొండు దాటాక ఆమె ఫోన్ మోగింది. అయ్యగారి భార్య. మా మంచం తలుపు పక్కనే కాబట్టి, వరండాలో నిలబడి మాట్లాడుతున్న అత్త మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. మనుమరాలు పుట్టిందని విన్నాం, సాక్ష్యాల సమయమయింది, మీ తరఫున స్తోత్రం చెప్పమంటారా అని ఆమె అడిగినట్టుంది.

"ఫోను మైకు కాడ పెట్టుర్రి అమ్మగారు. నేనే చెప్త," అంది.

లేద్దామంటే కుట్లు. అత్తమ్మా అని పిలిచాను గానీ ఆమెకు వినిపించలేదు.

"నేను మొన్న నిలబడి చెప్పిన సాక్ష్యం నిజం కాదు," అని మొదలుపెట్టింది. చర్చిలో మైకు దగ్గర ఎట్లా నెమ్మదిగా, గట్టిగా మాట్లాడతారో అట్లాగే మాట్లాడింది. వరండాలో పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. "నా కోడలుకు షుగర్ పోలే. పోయిందని ఆమె రాసింది, నేను నమ్మిన. ఎందుకు రాసిందో నేను అడగలే. రోజు అంకెలు సూసిన, పిల్ల మొఖం సూడలే. నాకు మనసు మంచిగ లేదని అది ఎన్నడో చెప్పింది. ఒక్కపూట ప్రార్థన చేసి పోయిందనుకున్న. దానికి బతకబుద్ధి అయితలేదంట. డాక్టర్లు గది కూడ బీమారే అంటున్నరు. మందు ఇస్తున్నరు. బిడ్డ ఇంక అద్దాల గదిలనే ఉంది. ఇద్దరి కోసం ప్రార్థన చేయుర్రి. తప్పు నాది, దాన్ని ఎవరు ఏమనకుర్రి. నవ్వేటోళ్లు మా ఇంటికి రాకుర్రి."

అవతల ఏమన్నారో నాకు తెలియదు. ఆమె ఎక్కువసేపు వినలేదు కూడా. ఫోన్ కొంగుకు తుడిచి జాకెట్లో దోపుకుని లోపలికి వచ్చింది. నేను సిగ్గుతో దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. నారాయణఖేడ్‌లో ఇగ నేను తలెత్తుకుని తిరగలేనని ఒక పక్క అనిపిస్తోంది. ఇంకో పక్క, ఇగ ఎవరి ముందూ నవ్వే పని లేదని అనిపిస్తోంది. ఏదో ఒకటి అయితే తట్టుకునేదాన్నేమో. రెండూ ఒక్కసారే వచ్చేసరికి ఏడుపొచ్చింది. ఆగని ఏడుపు. కుట్లు గుంజుతున్నా ఆగలేదు.

అత్త దుప్పటి తీసే ప్రయత్నం చేయలేదు. మంచం పక్కన స్టూలు ఉంటే దాన్ని కాలితో జరిపి, మంచం మీదే నా కాళ్ల దగ్గర కూర్చుంది. నేను కాస్త తెరిపిన పడేదాకా ఆగింది.

"ఎట్లున్నవ్ బిడ్డా?" అంది.

"బాగలేనత్తమ్మా," అన్నాను.

"ఆఁ, చెప్పు," అని కాళ్లు పైకి ముడుచుకుని, నా వైపు తిరిగి సరిగ్గా కూర్చుంది.